షుగరోళ్ళ బంతి

లింగవ్వ మెస్సులో పూటకు రెండు బంతులు కూర్చుంటాయి. గోడ పొడవునా పరిచిన ప్లాస్టిక్ పట్టాల మీద కూర్చునేది పెద్ద బంతి. అక్కడ అన్నం కుప్పలు, గిన్నెడు పప్పు, పైన వేలి మందాన నూనె తేలే కూర. వంటింటి గుమ్మం పక్కన, ఫ్యాను గాలి సూటిగా తగిలే చోట, అయిదారుగురు కూర్చునేది చిన్న బంతి. లింగవ్వ దానికి పేరేమీ పెట్టలేదు గానీ, సూరత్ లింబాయత్‌లో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసే తెలుగువాళ్ళందరికీ అది షుగరోళ్ళ బంతి.

ఆ బంతిలో అన్నం ఉండదు, గోధుమ రొట్టెలుంటాయి.

"తియ్యటిది నోట్లె పెట్టరాదు, కడుపునిండ బువ్వ తినరాదు. ఇగ ఏం మిగిలింది మీ బతుకుల?" అనేది లింగవ్వ. అని ఊరుకునే మనిషైతే ఇబ్బంది లేకపోయేది. ఒకటి పోయినవాడికి ఇంకొకటి ఇవ్వనిదే ఆమె చెయ్యి ఊరుకోదు. అందుకని పెద్ద బంతికి లేని భోగాలు చిన్న బంతికి ఉండేవి. రొట్టె మీద గరిటెడు నెయ్యి, నూనెలో పొంగిన అప్పడాలు రెండు, వేయించిన చల్ల మిరపకాయలు, ఆదివారం మటన్‌లోంచి ఏరి వేసే కొవ్వు ముక్కలు. నెయ్యి అని పేరే గానీ అది వనస్పతి. నలభై మందికి వండే చోట అంతకు మించి కుదరదు.

ఆ చిన్న బంతిలో ఆరేళ్ళుగా మొదటి చోటు రాజమౌళిది. భార్య పద్మారాణి పోయాక, దినాలన్నీ అయ్యాక, కూతురు నవత ఆల్థాన్‌లోని అత్తవారింటికి వెళ్ళిపోయాక, స్టవ్ వెలిగించడానికి చేతులు రాక అతను మెస్సుకు వచ్చాడు. "నాకు షుగరున్నది, లింగవ్వా. జర సూసి పెట్టు" అన్నాడు. ఆమె అతని ముఖం చూసింది. రొట్టె మీద రెండో గరిటె వేసింది. ఆ రెండో గరిటెను రాజమౌళి ఎన్నటికీ మరిచిపోలేదు. ఇల్లు ఖాళీ అయిన మనిషికి ఎవరో ఒకరు అడగకుండానే కొంచెం ఎక్కువ పెట్టడం ఎంత మాట! ఆ పూట అతను తల వంచుకొని తిన్నాడు, కళ్ళు కనబడకుండా.

సిరిసిల్లలో డిగ్రీ చదివి, ఉద్యోగం దొరక్క బావమరిది వెంట సూరత్ బండెక్కిన మనిషి అతను. పాతికేళ్ళు సాంచాలు నడిపి, మోకాళ్ళు మొరాయించాక ఇప్పుడు ఉధనాలోని ఒక కార్ఖానాలో బట్ట చెకింగ్ చేస్తున్నాడు. ఏటవాలు గాజు బల్ల, దాని కింద ట్యూబులైటు, పైన జారిపోతూ ఉండే చీరల గుడ్డ. తెగిన పోగు ఎక్కడున్నా కంటికి దొరకాలి. తప్పు దొరికితే మిగతా చెకింగువాళ్ళు నేసినవాడి పేరు పెట్టి కేకేస్తారు. రాజమౌళి కేకెయ్యడు. తప్పున్న చోట బట్ట అంచుకు ఒక ఎర్ర పోగు ముడివేసి వదిలేస్తాడు. చాయ్ వేళ నేసినవాడు వచ్చి తన బట్ట తిరగేసి, ఎర్ర పోగు చూసుకొని, మారు మాట లేకుండా పోయి సాంచా సరిచేసుకుంటాడు. సేఠ్ దాకా పోదు. లింబాయత్ నేతగాళ్ళ ఇళ్ళలో ఎర్ర పోగంటే తెలియని వాళ్ళు లేరు. లింగవ్వ పెనిమిటి బతికున్నప్పుడు ఆయనకూ రెండుసార్లు పడింది.

శరత్ పున్నమి మర్నాడు సూరత్ మొత్తం ఘారీ తింటుంది. మైదా పూరీలో కోవా, బాదం, పిస్తా కూరి, నేతిలో వేయించి, మళ్ళీ ఆ నేతిలోనే ముంచి గడ్డకట్టించే మిఠాయి అది. ఈసారి సేఠ్ పనివాళ్ళందరికీ డబ్బాలు పంచుతూ, రాజమౌళికి విడిగా ఒక పచ్చ చీటీ డబ్బా ఇచ్చాడు. "ఆప్ కే లియే షుగర్ ఫ్రీ, మాస్టర్" అన్నాడు. పదకొండేళ్ళుగా పండగ పూట పక్కకు తిరిగి కూర్చున్నవాడికి అది ఎంత ఆదరమో! చక్కెర లేదు కదా అని రాజమౌళి రెండు తిన్నాడు. మూడోది పద్మారాణి ఫోటో ముందు పెట్టి, సాయంత్రానికి దాన్నీ తిన్నాడు.

వారం తిరగకముందే ఒక ఉదయం, చుట్టిన బట్ట ఒకటి బల్ల మీదికి ఎత్తబోయి ఎత్తలేకపోయాడు. నొప్పి లేదు. వెన్నంతా చెమట, కాళ్ళలో సత్తువ లేదు, పడుకోవాలని ఉంది. నిజానికి ఆ అలసట ఆర్నెల్లుగా ఉంది. వయసు అనుకున్నాడు. పక్కన పనిచేసే రవీంద్ర, అతనూ షుగరోళ్ళ బంతివాడే, రాజమౌళి పెదవుల రంగు చూసి ఆటోలో దవాఖానాకు తీసుకుపోయాడు. గుండెకు పోయే పెద్ద నరాలు రెండు మూసుకొచ్చాయన్నారు. స్టెంట్లు వేశారు. దీపావళి సెలవులన్నీ ఆల్థాన్‌లో కూతురింట మంచం మీద గడిచిపోయాయి.

తిరిగి పనికి పోయే ముందు నవత అతణ్ణి అడాజన్‌లోని హారతి అనే డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. గుంటూరు వైపు అమ్మాయి. తెలుగు మాట్లాడే గుండె డాక్టరు దొరకడమే ఒక అదృష్టమనుకున్నాడు రాజమౌళి. పరాయి భాషలో జబ్బు చెప్పుకోవడం కూడా ఒక జబ్బే.

"తీపి మానేశారా?"

"పదకొండేండ్లాయె మేడమ్. చాయ్ గూడ చక్కెర లేకుంటనే."

"చాలా మంచిది. మానేసిన చోట ఏం పెట్టుకున్నారు?"

రాజమౌళి పరీక్షలో జవాబు రాసినట్టు వరసగా చెప్పాడు. రొట్టె, నెయ్యి, అప్పడాలు, మిరపకాయలు, సాయంత్రం చాయ్‌తో శనగపిండి గాంఠియా, మూడు ఘారీలు. చెబుతూ ఉండగానే డాక్టరమ్మ కలం ఆగిపోయింది.

"ముందు తలుపుకు గడియ పెట్టి దొడ్డి తలుపు బార్లా తీసిపెట్టారండీ," అంది. "షుగరున్న వాళ్ళకు చక్కెర ఒక్కటే శత్రువు కాదు. ఆ జబ్బు లోపల రక్తనాళాల్ని ముందే దెబ్బతీస్తూ ఉంటుంది. దాని మీద ఇంత వనస్పతి, ఇంత ఉప్పు, ఇంత నూనె పడితే గుండె ఎంతకని ఓర్చుకుంటుంది?"

"మరి నాకు నొప్పి ఎందుకు రాలే?"

"షుగర్ ఏళ్ళ తరబడి ఉంటే కొందరికి లోపలి నరాలు మొద్దుబారతాయి. గుండె మొత్తుకున్నా వినపడదు. నీరసం, ఆయాసం, చెమట, అంతే. చాప కింద నీరులా వస్తుంది. ఆడవాళ్ళయితే మరీను. ఇంటిపనికి అలిసిపోయాం అనుకుంటారు."

తర్వాత ఆమె తినవలసినవి చెప్పింది. సగం కంచం కూర, ఆకుకూర ఉండాలి. పప్పులు, శనగలు, పెసలు తినొచ్చు. జొన్నరొట్టె మంచిది. నూనె చెంచాతో కొలుచుకోవాలి. ఊరగాయ, అప్పడం, గాంఠియా ఉప్పు రాశులే కాబట్టి దూరం. చివర్లో, "అన్నం అసలే మానక్కర్లేదు. ఒక చిన్న కప్పు, పప్పుతో, కూరతో తినండి" అంది.

రాజమౌళి నమ్మలేక మళ్ళీ అడిగాడు. "అన్నం తినొచ్చా మేడమ్?"

"ఒక్క కప్పు."

బస్సులో నవత ఏదేదో చెబుతూనే ఉంది. అతను విన్నది ఆ కప్పు ఒక్కటే. అడగని చోట చిన్న వరం దొరికినట్టు, కప్పు ఎంతుంటుందో గాలిలోనే చేతితో కొలుచుకుంటూ కూర్చున్నాడు.

నవత తన దగ్గరే ఉండిపొమ్మంది. రెండు గదుల ఇంట్లో అయిదుగురి మధ్య ఆరో మనిషై, కూతురి అత్తగారు తన కోసం వేరే కూర వండటం చూస్తూ అతను ఉండలేకపోయాడు. కార్ఖానాలు తెరిచాక లింబాయత్ తిరిగొచ్చేశాడు.

మెస్సులో అడుగు పెట్టగానే లింగవ్వ చేతిలో గరిటెతోనే ఎదురొచ్చింది. "అయ్యో మౌళన్నా, సగమైనవ్ గదనే! ఆ సేఠ్ పెట్టిన ఘారీనే నీ పాణం మీదికి తెచ్చింది. షుగర్ లేదంట, షుగర్! ఆని నోట్లె మన్నువడ. నా బంతిల కూసున్నన్ని దినాలు నీకేమన్నయిందా?"

రాజమౌళి నోరు తెరిచాడు. ఆమె ముఖం చూశాడు. మూసుకున్నాడు.

"అవ్, ఘారీనే గావచ్చు," అన్నాడు.

ఆ చిన్న అబద్ధం అప్పటికి తేలిగ్గానే దొర్లిపోయింది. అసలు కష్టం తర్వాతి క్షణంలో మొదలైంది. లింగవ్వ పిండి తేవడానికి వెనక ఇనప మెట్లెక్కింది. పైగదికి పద్నాలుగు మెట్లు. బియ్యం బస్తా భుజాన వేసుకొని ఆమె ఆ మెట్లు పరుగున ఎక్కడం అతను ఏళ్ళుగా చూశాడు. ఇప్పుడు ఉత్త చేతులతో ఏడో మెట్టు మీద ఆగింది. కమ్మీ పట్టుకొని, తల వంచి, కొంగుతో మెడ తుడుచుకొని, కాసేపటికి మళ్ళీ కదిలింది. నవంబరు ఆఖరు. చెమట పట్టే కాలం కాదు.

లింగవ్వకు షుగరొచ్చి తొమ్మిదేళ్ళు. అందరూ తిన్నాక ఆమె కూర్చునేది చిన్న బంతిలోనే. అదే రొట్టె, అదే గరిటె.

"లింగవ్వా, మెట్ల మీద ఆగుతున్నవేంది?" అడిగాడు ఆమె దిగి వచ్చాక.

"ఆగక ఉరుకుమంటవా? యాభై ఆరేండ్లాయె. నలభై మంది బొచ్చెలు ఎత్తేసరికి దమ్ము రాదా?"

"ఒక్కపారి డాక్టరమ్మకు సూపెడుదాం."

"నొప్పి లేదు, తీపు లేదు, దవాఖాన ఎందుకే? నీకు స్టెంటేసిండ్రని అందరికీ ఏపిస్తవా?" అని నవ్వి, రొట్టెల పీట ముందు కూర్చుంది.

నాకూ నొప్పి లేదు లింగవ్వా, అనాలి. నాకు వచ్చినదే నీకూ వస్తున్నట్టుంది, అనాలి. ఎందుకొచ్చిందే మౌళన్నా అని ఆమె అడుగుతుంది. అప్పుడేం చెప్పాలి? ఆరేళ్ళు నువ్వు ప్రేమతో పోసిన గరిటెలే అని చెప్పాలా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే కదా. పద్మారాణి పోయిన కొత్తలో ఆమె పెట్టిన ఆ రెండో గరిటె కళ్ళ ముందు మెదిలింది.

రొట్టె మీద నెయ్యి వెయ్యబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. లింగవ్వ ముఖం వాడిపోయింది. ఆ వాడటం చూడలేక, అప్పటికప్పుడు తోచింది చెప్పాడు. "మూడు నెలలు నెయ్యి ముట్టొద్దన్నరు. నువ్వు మాత్రం ఎయ్యుడు బంద్ జెయ్యకు. నా పాలు ఓ సీసల ఎయ్యి. మూడు నెలలైనంక ఒక్కపారే తింట."

"గట్లన్నవు బాగున్నది!" అంది లింగవ్వ. కిలో పట్టే ప్లాస్టిక్ సీసా ఒకటి కడిగి, తుడిచి, కిటికీలో పెట్టింది. ఆ పూటకు అతని గరిటె అందులో పడింది.

బంతిలో సాయికుమార్ ఊరుకోలేదు. ముప్పై నాలుగేళ్ళకే షుగరొచ్చిన నేతగాడు, నోరు మాత్రం తీపి. "మౌళి కాకా, సీసా నిండినంక వాటా ఇయ్యాలె మరి. నీకు స్టెంటుంది, నాకేముంది? నాకు నెయ్యే దిక్కు."

"తిన్న కాడికి తిను, బద్మాష్," అని అతని రొట్టె మీద కూడా గరిటె వేసింది లింగవ్వ.

అలా నెల గడిచింది. ఆ నెలంతా రాజమౌళికి ఒకే పని. గాజు బల్ల మీద బట్ట జారుతుంటే పోగులు చూడటం, మెస్సులో మెట్లు చూడటం. మొదటి వారం ఆమె ఏడో మెట్టు మీద ఆగేది. తర్వాత ఆరో మెట్టు. ఒకనాడు నాలుగో మెట్టు మీద కూర్చుండిపోయింది. సోలిన ముఖంతో, "కాళ్ళు గుంజుతున్నయ్" అంది. ప్రతిపూటా ఇవాళ చెబుదామనే వచ్చేవాడు. ప్రతిపూటా ఆమె "మౌళన్నా, నీ కూరల నూనె తక్కువ ఏసిన, సప్పగున్నదా?" అని అడిగేది. మంచిగున్నది అనేవాడు. వెళ్ళిపోయేవాడు. దారిలో తనను తానే తిట్టుకునేవాడు. ఊరందరి బట్టకూ ఎర్ర పోగు కట్టేవాడివి, అన్నం పెట్టిన మనిషి ప్రాణం దగ్గరికొచ్చేసరికి నీళ్ళు నములుతున్నావేం? మంచితనమని పేరు పెట్టుకున్నంత మాత్రాన పిరికితనం మంచితనమవుతుందా? రాత్రిపూట ఇంట్లో తన కప్పుడు అన్నం తానే వండుకొని, పప్పు కలుపుకొని తినేవాడు. ఎన్నో ఏళ్ళ తర్వాతి అన్నం. ఒక్కడికే దక్కడం వల్ల కాబోలు, రుచి తెలిసేది కాదు.

డిసెంబరు చివర్లో చలి కొంచెం గట్టిగా పడింది. ఆ వారం మెస్సులో గిన్నెలు కడిగే మోరీ పొంగింది. నీళ్ళు పోవడం లేదు. మిస్త్రీ వచ్చి పైపు విప్పి, ఇనప కడ్డీతో పొడిచి, లోపల్నుంచి ముంజేతి పొడుగున తెల్లటి నెయ్యి గడ్డ బయటికి లాగాడు. "బేన్, సబ్ ఘీ జమ్ గయా" అని, దాన్ని పాత పేపరులో పెట్టి చూపించి వెళ్ళాడు.

ఆ సంగతి రాజమౌళికి తెలియదు. మర్నాడు మధ్యాహ్నం అతను వచ్చేసరికి, చిన్న బంతిలో అతని చోట కంచం లేదు. కంచం ఉండవలసిన చోట సీసా ఉంది. మెడ దాకా నిండి, తెల్లగా, రాయిలా గడ్డకట్టి ఉంది. దాని మెడకు ఎర్ర పోగు ముడివేసి ఉంది.

రవీంద్ర ఆ పోగు చూశాడు, రాజమౌళి వైపు చూశాడు, తల దించుకున్నాడు. సాయికుమార్‌కు మాత్రం ఇంకా అర్థం కాలేదు. "ఏంది అక్కా, సీసకు లగ్గం చేస్తున్నవా?"

లింగవ్వ గరిటె పక్కన పెట్టింది. అందరి కంచాల్లో రొట్టెలు వేసింది. ఎవరి రొట్టె మీదా గరిటె పడలేదు. అప్పడాలు రాలేదు. ఎవరూ అడగలేదు. 

అందరూ పోయాక ఆమె సీసాను ఒళ్ళో పెట్టుకొని గోడకు ఆనుకుంది.

"మౌళన్నా. గిది ఒక్క మనిషిది. ఒక్క నెలది. అవునా?"

"అవ్."

"ఆరేండ్లు పెట్టిన."

ఆమె సీసాను వేలితో తట్టింది.

"నిన్న మోరీల కెళ్ళి గిసొంటిదే తీసిండ్రు. చేతిల వట్టుకొని సూసిన. నీకు నరంల అడ్డం వచ్చిందంటివి. ఘారీ అంటివి. మూడు ఘారీలకు పైపు మూసుకపోతదా అన్నా? నాకు సదువు రాకపోవచ్చు, మోరీ తెల్వదా?"

"అచ్చం మోరీ లెక్క గాదు లింగవ్వా. డాక్టరమ్మ చెప్పింది జర వేరే తీరు. షుగర్ ముందుగాల నరాలను పాడుజేస్తదట. నెయ్యి ఒక్కటే గాదు, నూనె, ఉప్పు, నేను తిన్న గాంఠియా, అన్ని గలిసి..."

"నన్ను తప్పించకు. ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు బాధపడ్తవని."

లింగవ్వ కంటినీళ్ళు అప్పటిదాకా ఆగినవి అప్పుడు కారాయి. కానీ గొంతులో ఏడుపు లేదు, కోపముంది. "బాధపడ్తే పడ్తుంటి! నాలుగు దినాలు ఏడ్చి లేస్తుంటి. ఈ నెల రోజులు రవీంద్రకు పెట్టిన. ఆ సాయిగానికి పెట్టిన, ఆనికి ఇద్దరు పిల్లలు. నువ్వేమో నీది సీసల పోయించుకొని సూసుకుంట కూసున్నవు. గిదేం మంచితనమే? బట్టకైతే ఎర్ర పోగు కడ్తవు. మనిషికి కట్టరాదా?"

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. నెల రోజులుగా తనను తాను అడుక్కున్న మాటే అది. ఎదుటి మనిషి నోట వినడంతో ఎందుకో కొంచెం బరువు దిగింది. రాజమౌళి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. మోకాళ్ళు కలుక్కుమన్నాయి.

"తప్పు నాదే," అన్నాడు. "ఇంకోటి గూడ చెప్పలేదు. అది చెప్తానికే ఈ నెలంత తిప్పలవడ్డ. నాకు నొప్పి రాలే లింగవ్వా. ఒక్క దినం గూడ రాలే. ఆర్నెల్లు ఉత్త అలసట. బట్ట ఎత్తబోతే చేతులు రాలే. గంతే. నువ్వు మెట్ల మీద ఆగుతున్నవు. మొదలు ఏడో మెట్టు. మొన్న నాలుగో మెట్టు."

లింగవ్వ కన్నీళ్ళు తుడుచుకోవడం మరచి అతణ్ణి చూసింది. "మెట్లు గూడ లెక్కవెట్టినవా?"

"చెకింగోన్ని గదా."

ఆమెకు నవ్వొచ్చింది. ఏడుపులోంచి వచ్చిన నవ్వు కాబట్టి దగ్గు పట్టింది. దగ్గు ఆగేదాకా వీపు గోడకు ఆనించి, కళ్ళు మూసుకుని ఉంది. ఆ మూసిన కళ్ళ కింద నల్లటి వలయాలు, ఎన్ని ఏళ్ళ అలసటో. తర్వాత మెల్లగా అంది. "నేను దవాఖానల పడితే ఈ నలభై మందికి ఎవరు వండుతరే?"

"నువ్వు పోతే ఎవరు వండుతరు?"

లింగవ్వ ఒళ్ళోంచి సీసా తీసి పక్కన పెట్టింది.

బుధవారం పెద్ద బంతి లేచాక ఇద్దరూ అడాజన్ పోయే బస్సెక్కారు. కిటికీ పక్క సీటు దొరికింది. తాపీ మీద వంతెన దాటుతుంటే లింగవ్వ, "ఈ నదిని సూసి ఎన్నేండ్లాయెనో" అంది. సూరత్ వచ్చి ముప్పై ఏళ్ళయింది. లింబాయత్ కూరగాయల మార్కెట్టు, మెస్సు, పద్నాలుగు మెట్లు. అంతే ఆమె సూరత్.

డాక్టర్ హారతి ముందు ఈసీజీ తీయించింది. కాగితం కిటికీ వెలుగులో పెట్టి మళ్ళీ చూసింది. నాడి చూసింది, పాదాలు నొక్కి చూసింది, చివరికి కలం తీసుకొని కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"లింగవ్వ గారూ, రోజూ ఏం తింటారు? పొద్దున లేచింది మొదలు చెప్పండి."

 రాజమౌళి పక్కకు తిరిగి చూశాడు. లింగవ్వ పెదవులు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. ఇరవై ఏళ్ళుగా వచ్చేవాళ్ళనూ పోయేవాళ్ళనూ తిన్నవా, ఏం తిన్నవ్, ఇంక జర ఏసుకో అని అడిగిన మనిషి. ఆమెను ఆ మాట అడిగినవాళ్ళు ఎవరున్నారు? మిగిలింది తింటుందని అందరికీ తెలుసు. మిగిలిందా లేదా అని ఒక్కడూ చూడలేదు. ఆరేళ్ళు తిన్న తనూ చూడలేదు.

"మాడిన రొట్టెలు," అంది చివరికి. "అడుగువట్టిన పప్పు. అందరు తిన్నంక మూడు, మూడున్నరకు. ఆకలైతే నడుమ అప్పడాలు. రొట్టె మీద నెయ్యి. అలసిపోత గద బిడ్డా, అందుకే రెండు గరిటెలు."

డాక్టరమ్మ రాసుకుంటూనే ఎడమ చేత్తో ఆమె చెయ్యి పట్టుకుంది. గుండెకు రక్తం సరిగా అందడం లేదంది. ఎకో తీయాలి, ఆ పైన ఇంకో పరీక్ష కూడా కావాలేమో, ఈలోపు మందులు ఇవాళే మొదలుపెట్టాలి. మెట్లు వద్దు. బరువులు అసలే వద్దు. "ఇంకో నెల ఆగి వచ్చుంటే ఏం చెప్పేదాన్నో నాకు తెలియదు," అంది.

ఆ నెల మాట విని రాజమౌళి తల వంచుకున్నాడు. పోయిన నెల తనది. ఆమె దాన్ని మళ్ళీ ఎత్తలేదు. బస్సులో మాత్రం, "ఇగ నుంచి నాకేమన్న అయితే మొఖం మీదనే చెప్పు. సీసలొద్దు" అంది.

పిండి, బియ్యం కిందికి దించడం తన వంతన్నాడు సాయికుమార్. "నా నెయ్యి గుంజుకున్నందుకు మస్తు పని ఇచ్చిండ్రు" అని గొణుగుతూ పద్నాలుగు మెట్లూ ఎక్కి దిగాడు. పెద్ద బంతిలో గొడవ లేకపోలేదు. కూర మీద నూనె తేలకపోతే మెస్సు పడిపోయిందని నేతగాళ్ళ నమ్మకం. ముగ్గురు అలిగి ఇంకో మెస్సుకు పోయారు. వారానికల్లా వాళ్ళలో ఒకడు తిరిగొచ్చాడు. చిన్న బంతికి జొన్నరొట్టె వచ్చింది, ఆకుకూర పప్పు, కీరా ముక్కలు, నానేసిన పెసలు వచ్చాయి. అప్పడం పోయింది. అప్పడం పోయిన నాడు రవీంద్ర ముఖం చూడాలి.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం బంతి లేచాక, ఎప్పటిలా లింగవ్వ అడుగు గిన్నె గోకడానికి కూర్చోబోయింది. రాజమౌళి ఆమె చేతిలోంచి గరిటె తీసుకున్నాడు.

"కూసో. ఇయ్యాల నీకు నేను పెడ్త."

"నువ్వా? నీ బొండ!" అంది గానీ కూర్చుంది. నిలబడి పోట్లాడే ఓపిక ఆమెకు లేదు. రాజమౌళికీ ఎక్కువ ఓపిక లేదు. ఒక చేత్తో గోడ పట్టుకునే వంగాడు. కంచంలో సగం దాకా తోటకూర వేశాడు. పప్పు వేశాడు. పొద్దునే తాను వండి తెచ్చిన అన్నాన్ని చిన్న కప్పులో నింపి, కంచం మధ్యలో బోర్లించి, కప్పు ఎత్తాడు. గుండ్రంగా, తెల్లగా, పొగలు లేకుండా నిలబడింది.

లింగవ్వ దాన్ని చూసింది. తొమ్మిదేళ్ళు. తాను ముట్టకుండా నలభై మందికి వండి వార్చిన అన్నం.

"ఇది తినొచ్చునా?"

"ఒక్క కప్పు."

ఆమె వేళ్ళతో మెల్లగా అంచు విరిచి, పప్పు కలిపి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది. ఆమె మెడ మీద చెమట చూసి రాజమౌళి పోయి ఫ్యానును ఒక మెట్టు పెంచాడు. ఆమె రెండో ముద్ద కలుపుకుంది.

"ఉప్పు తక్కువైందే," అంది.

"అవ్," అన్నాడు రాజమౌళి. "జర కూర ఏస్త."